మొదటి యూరోర్యాక్ కేస్: కరెంటు లెక్క నుంచి రికార్డింగ్ దాకా

మాడ్యులర్ సింథసైజర్‌లో, అంటే విడివిడి మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపి వాయించే వాద్యంలో, తిరిగేదంతా వోల్టేజే. శ్రుతి వోల్టేజే, లయ వోల్టేజే, చివరికి చెవిన పడే శబ్దమూ వోల్టేజే. అన్నిటికీ ఒకే రకం కేబుల్, ఒకే రకం జాక్. లోపల ఏం పారుతోందో బయటికి కనపడదు. కొత్తగా కేస్ కట్టుకునేవాళ్లు పడే తిప్పలు చాలావరకు సంగీతానివి కావు. ఎక్కడ ఎన్ని వోల్టులు ఉండాలో చూసుకోకపోవడం వల్ల వచ్చేవే. మాడ్యూల్ కాలిపోవడం, స్థాయి (ఆక్టేవ్) మారగానే శ్రుతి తప్పడం, రికార్డింగ్ చిట్లిపోవడం, స్వరాలను వరసగా పంపే సీక్వెన్సర్ ఆరు రెట్లు వేగంగా పరుగెత్తడం, వీటన్నిటికీ మూలం అదే. కాబట్టి ఇక్కడ ప్రతి దశలోనూ వోల్టేజ్ లెక్కే ముందు, వాయించడం తర్వాత.

కేస్, కొలతలు

యూరోర్యాక్ అంటే మాడ్యూళ్లన్నీ ఒకే కొలతల్లో ఉండి ఒకే పెట్టెలో, అంటే కేస్‌లో, సర్దుకునే పద్ధతి. దాని కొలతలు 1990ల నడుమ డోప్‌ఫర్ ఏ-100 సిస్టమ్‌తో స్థిరపడ్డాయి. ప్యానెల్ ఎత్తు 3యూ, అంటే 128.5 మిల్లీమీటర్లు. వెడల్పును హెచ్‌పీల్లో కొలుస్తారు; ఒక హెచ్‌పీ 5.08 మిల్లీమీటర్లు. మామూలుగా దొరికే వరసలు 84 లేదా 104 హెచ్‌పీలు.

వెడల్పు అందరూ చూస్తారు, లోతు మరిచిపోతారు. పల్చటి మాడ్యూల్ 25 మిల్లీమీటర్లలో సర్దుకుంటుంది, పాతకాలపు డిజైన్లు 50, 60 దాటతాయి. కొనే ముందు తయారీదారు ఇచ్చిన లోతుకు, మాడ్యూల్‌కు కరెంటు తెచ్చే రిబ్బన్ కేబుల్ మడతకని ఇంకో 10 మిల్లీమీటర్లు కలుపుకుని చూడండి. లోతు తక్కువ ఉన్న కేస్‌లో, మాడ్యూళ్లకు కరెంటు పంచే బస్‌బోర్డ్ ఎక్కడుందో కూడా చూడాలి. సరిగ్గా దాని మీదికి లోతైన మాడ్యూల్ వస్తే, స్క్రూ బిగించేటప్పుడు సర్క్యూట్ బోర్డు వెళ్లి బస్ పిన్నులకు ఒత్తుకుంటుంది.

పట్టాల్లో రెండు రకాలు: రంధ్రాలకు మర వేసిన పట్టీ ఉన్నవి, జరిగే నట్లు ఉన్నవి. జరిగే నట్లయితే మాడ్యూళ్లన్నీ వరసగా పెట్టి, స్క్రూలు సగం బిగించి, అన్నీ సర్దుకున్నాకే పూర్తిగా బిగించాలి. ఒక్కోదాన్ని గట్టిగా బిగించుకుంటూ పోతే చివరిది అర మిల్లీమీటరు తేడాతో దూరదు. ఎక్కువ కేసుల్లో పట్టేది ఎం3 స్క్రూ, కొన్నింటిలో ఎం2.5. బలవంతంగా తిప్పితే మర పోతుంది. స్క్రూ తలకింద నైలాన్ వాషర్ వేస్తే ప్యానెల్ మీద గీత పడదు.

కరెంటు లెక్క

ప్రతి మాడ్యూల్ వివరాల్లో మూడు అంకెలుంటాయి: +12 వోల్టుల లైన్ మీద ఎన్ని మిల్లీయాంపులు తీసుకుంటుంది, -12 మీద ఎన్ని, +5 మీద ఎన్ని. ఈ మూడింటినీ విడివిడిగా కూడాలి. మొత్తం వాట్లు చూసుకుని సరిపోతుందనుకుంటే మోసపోతారు, ఎందుకంటే -12 లైన్ మిగిలిపోతున్నా +12 లైన్ ముందే చేతులెత్తేయొచ్చు.

ఒక వరస లెక్క వేసి చూద్దాం. వీసీఓ (స్వరం పుట్టించేది) 12 హెచ్‌పీ, +12 మీద 80, -12 మీద 60. ఫిల్టర్ (శబ్దంలో కొంత భాగాన్ని కోసేది) 8 హెచ్‌పీ, 50, 50. రెండు వీసీఏలున్న (వోల్టేజ్‌తో శబ్దం బలాన్ని పెంచి తగ్గించేవి) మాడ్యూల్ 8 హెచ్‌పీ, 40, 40. ఎన్వలప్ (ప్రతి స్వరం ఎలా లేచి ఎలా ఆరాలో చెప్పేది) 8 హెచ్‌పీ, 30, 20. డిజిటల్ వాయిస్ (లోపలే పూర్తి శబ్దం తయారుచేసేది) 12 హెచ్‌పీ, 120, 10. మిడి (వాద్యాలు, కంప్యూటర్లు స్వరాలు పంపుకునే డిజిటల్ భాష) నుంచి సీవీకి (నియంత్రించే వోల్టేజ్‌కు) మార్చేది 6 హెచ్‌పీ, 90, 10. మిక్సర్ 8 హెచ్‌పీ, 30, 30. ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊగే వోల్టేజ్ ఇచ్చేది) 8 హెచ్‌పీ, 30, 20. అవుట్‌పుట్ మాడ్యూల్ 4 హెచ్‌పీ, 40, 40. మొత్తం 74 హెచ్‌పీలు, +12 మీద 510 మిల్లీయాంపులు, -12 మీద 280. అంకెలు ఉదాహరణకే, మీవి మీ మాడ్యూళ్ల కాగితాల్లోంచి తీసుకోండి. మాడ్యులర్‌గ్రిడ్ సైట్‌లో వరస పేర్చుకుంటే ఈ కూడిక అదే చేసి పెడుతుంది.

ఇప్పుడు ఈ మొత్తాలను 0.75తో భాగించండి. 510 కాస్తా 680 అవుతుంది, 280 కాస్తా 373 అవుతుంది. సప్లై సామర్థ్యం ఈ అంకెల కన్నా ఎక్కువ ఉండాలి. +12 మీద 1000, -12 మీద 500 ఇచ్చే సప్లైకి ఈ వరస హాయిగా సరిపోతుంది. రెండు వైపులా 500 ఇచ్చేదైతే చాలదు. ఆ పాతిక శాతం వెసులుబాటు దుబారా కాదు. స్విచ్ వేసిన క్షణంలో మాడ్యూళ్లలోని కెపాసిటర్లన్నీ ఒక్కసారిగా నిండుతూ మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి. ఆ ధాటికి సప్లై తన రక్షణలోకి పోతే లైట్లు వెలిగి ఆరి, వెలిగి ఆరి, అలాగే కొట్టుకుంటాయి. అంచుమీద నడుస్తున్న సప్లైకి ఇంకో లక్షణం ఉంది: డిజిటల్ మాడ్యూల్ మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది, లేదా సీక్వెన్సర్ లైట్లు వెలిగినప్పుడల్లా వీసీఓ శ్రుతి సన్నగా కిందికి జారుతుంది. ఇది వింటే వీసీఓ పాడైందనుకుని విప్పొద్దు, ముందు కూడిక మళ్లీ చూడండి.

+5 లైన్ సంగతి వేరే. చాలా మాడ్యూళ్లకి అది అక్కర్లేదు, కొన్నింటికి తప్పనిసరి. మీ బస్‌బోర్డ్‌లో +5 లేకపోతే అలాంటి మాడ్యూల్ చలనం లేకుండా పడి ఉంటుంది. కేబుల్ కూడా 10 పిన్నులది కాకుండా 16 పిన్నులదే వాడాలి, +5 వచ్చేది అందులోనే.

రిబ్బన్ కేబుల్: ఇక్కడ తొందర పనికిరాదు

16 పిన్నుల హెడర్‌లో పిన్నులు జంటలుగా ఉంటాయి. 1, 2 పిన్నులు -12 వోల్టులు. 3 నుంచి 8 దాకా గ్రౌండ్. 9, 10 పిన్నులు +12. 11, 12 పిన్నులు +5. 13, 14 సీవీ, 15, 16 గేట్ (స్వరం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో చెప్పే వోల్టేజ్). 10 పిన్నుల హెడర్ అంటే ఇందులో మొదటి పదే.

రిబ్బన్ కేబుల్ అంచున ఎర్ర గీత ఉంటుంది. అది -12 వైపు. ఎరుపంటే ప్లస్ అని మిగతా ఎలక్ట్రానిక్స్ అంతా నేర్పుతుంది, ఇక్కడ సరిగ్గా దానికి తలకిందులు. బస్‌బోర్డ్ మీద -12 అని రాసిన వైపు, మాడ్యూల్ వెనక -12 అని గానీ తెల్ల గీత గానీ ఉన్న వైపు, ఎర్ర గీత పోవాలి. మాడ్యూల్ మీద ఏ గుర్తూ లేకపోతే ఊహించొద్దు, మాన్యువల్ తెరవండి.

తిరగబెడితే ఏమవుతుందో ఒకసారి పిన్నులు లెక్కపెట్టి చూస్తే భయం సరైన చోట కలుగుతుంది. 10 పిన్నుల కేబుల్ తలకిందులైతే +12 ఉండాల్సిన చోటికి -12, అటుది ఇటు వస్తాయి. వెనక్కి నడిచిన కరెంటుకు ఆప్‌ఆంప్ చిప్పులు, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు సెకన్లలో వేడెక్కి పోతాయి. 16 పిన్నులది తలకిందులైతే కథ ఇంకో రకం. బస్ మీది 9, 10 పిన్నులు, అంటే +12, మాడ్యూల్ 8, 7 పిన్నుల మీదికి వస్తాయి. అవి దాని గ్రౌండ్. బస్ మీది +5 కూడా మాడ్యూల్ గ్రౌండ్ మీదికే వస్తుంది. మాడ్యూల్ లోపల గ్రౌండంతా ఒకటే రాగి పలక కాబట్టి +12, +5 లైన్లు అక్కడ కలిసిపోతాయి. అంటే తప్పు చేసింది ఒక మాడ్యూల్‌తోనే అయినా +5 మీద బతికే పక్క మాడ్యూళ్లూ బలయ్యే ప్రమాదం ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

చాలా మాడ్యూళ్లలో రక్షణకు డయోడ్ ఉంటుంది, చాలా హెడర్ల చుట్టూ గాడి ఉన్న ప్లాస్టిక్ గోడ ఉంటుంది. ఆ రెంటినీ నమ్ముకోవద్దు. గోడ లేని హెడర్ మీద కనెక్టర్ ఒక వరస పక్కకు జరిగి కూర్చోవడం తిరగబెట్టడం కన్నా ఎక్కువసార్లు జరుగుతుంది. కేస్ లోపల చీకట్లో వేళ్లతో తడుముతూ పెడితే తప్పక జరుగుతుంది. టార్చ్ వేసి, రెండు చివర్లలో ఒక్క పిన్ను కూడా బయటికి కనపడకుండా ఉందో లేదో చూడండి. కేబులే తప్పుగా తయారై ఉండొచ్చు కూడా, ఒక చివర కనెక్టర్ తిప్పి నొక్కేసి ఉంటారు. కొత్త కేబుల్‌ను బల్ల మీద మెలిక లేకుండా పరిచి, మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో పెట్టి, ఎర్ర గీత వైపు చివరి పిన్నుల మధ్య బీప్ వస్తోందో లేదో చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. 16 నుంచి 10కి వెళ్లే కేబుల్‌లో ఆ పది తీగలు 16 పిన్నుల కనెక్టర్‌లో -12 చివరికే చేరి ఉండాలి.

కేబుల్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ స్విచ్ ఆపితే చాలదు, గోడ నుంచి ప్లగ్ తీసేయండి. లైట్లన్నీ ఆరాక ఇంకో పది సెకన్లు ఆగండి, కెపాసిటర్లలో మిగిలింది ఖాళీ కావాలి. సప్లై పెట్టెకు మూత ఉంటే దాన్ని విప్పే పని మీది కాదు.

మొదటిసారి స్విచ్ వేయడం

మాడ్యూళ్లేవీ లేకుండా ఖాళీ బస్‌బోర్డ్‌కు కరెంటివ్వండి. నలుపు ప్రోబ్‌ను గ్రౌండ్ పిన్నుకు క్లిప్‌తో పట్టించి, ఎరుపు ప్రోబ్‌తో ఒక్కో లైన్ చూడండి. 12 వోల్టుల లైన్లు రెండూ, ఒకటి ప్లస్, ఒకటి మైనస్, 11.8 నుంచి 12.2 వోల్టుల మధ్య ఉంటే నిశ్చింత. రెండు ప్రోబ్‌లూ చేత్తో పట్టుకుంటే ఎరుపుది జారి పక్కనున్న పిన్నును కూడా తాకుతుంది, అక్కడే షార్ట్.

తర్వాత అన్నిటికన్నా మామూలు మాడ్యూల్ ఒకటి, పోయినా పెద్దగా బాధ లేనిది, పెట్టి ఆన్ చేయండి. బస్‌బోర్డ్ మీద లైన్ల లైట్లు మూడూ వెలగాలి. వాసన, వేడి, కొట్టుకునే లైట్లు ఏమీ లేకపోతే ఆపి, ప్లగ్ తీసి, రెండోది పెట్టండి. తొమ్మిది మాడ్యూళ్లకి తొమ్మిదిసార్లు ఇలా చేయడం విసుగే. అన్నీ ఒకేసారి పెట్టి ఆన్ చేశాక లైట్లు ఆరిపోతే తప్పు ఎవరిదో వెతకడం అంతకన్నా పెద్ద విసుగు.

సర్దేటప్పుడు డిజిటల్ మాడ్యూళ్లను, వీసీఓలను బస్‌బోర్డ్ మీద వీలైనంత దూరంగా ఉంచండి. ప్యానెల్ మీద పక్కపక్కన ఉన్నా పరవాలేదు, బస్ మీద దూరం ముఖ్యం. డిజిటల్ సర్క్యూట్ల సన్నటి కీచు రొద పవర్ లైన్లలోంచే వీసీఓల్లోకి పాకుతుంది.

మొదటి ప్యాచ్

మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపే అమరికనే ప్యాచ్ అంటారు. మాడ్యులర్‌లో ప్యాచ్ కేబుళ్లన్నీ మోనో, 3.5 మిల్లీమీటర్లవి. ఇవి కరెంటు ఉండగానే పెట్టి తీయొచ్చు, దానికి భయపడక్కర్లేదు. అవుట్‌పుట్లకు వరసలో రెసిస్టర్ ఉంటుంది కాబట్టి పొరపాటున ఒక అవుట్‌పుట్‌ను ఇంకో అవుట్‌పుట్‌కు కలిపినా మామూలుగా ఏమీ కాలదు. వోల్టేజ్ మాత్రం అర్థం లేనిదవుతుంది.

ముందు శబ్దం దారి వేయండి: వీసీఓ సా (రంపపు పళ్ల తరంగం) అవుట్‌పుట్ నుంచి ఫిల్టర్ ఇన్‌పుట్‌కు, ఫిల్టర్ నుంచి వీసీఏకు, వీసీఏ నుంచి అవుట్‌పుట్ మాడ్యూల్‌కు. వీసీఏ మీద ఇనీషియల్ గెయిన్ లేదా బయాస్ అనే నాబ్ ఉంటే పైకి తిప్పండి, ఆగని స్వరం వినపడాలి. వినపడిందంటే ఆడియో దారి బాగుంది. ఇప్పుడు ఆ నాబ్‌ను పూర్తిగా కిందికి దించి, సీక్వెన్సర్ లేదా మిడి కన్వర్టర్ గేట్‌ను ఎన్వలప్‌కు, ఎన్వలప్ అవుట్‌పుట్‌ను వీసీఏ సీవీకి, పిచ్ సీవీని వీసీఓ 1 వోల్ట్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి.

ఇక్కడ వచ్చే చిక్కులు దాదాపు ఎప్పుడూ ఇవే. స్వరం ఆగకుండా సన్నగా మోగుతూనే ఉంటే గెయిన్ నాబ్ పూర్తిగా దిగలేదు. ప్రతి స్వరం మొదట్లో టిక్కుమంటే ఎన్వలప్ అటాక్, అంటే స్వరం లేవడానికి పట్టే సమయం, సున్నా మీద ఉంది. రెండు మూడు మిల్లీసెకన్లకు పెంచితే పోతుంది, దెబ్బ పదును తగ్గదు. మోగాల్సిన చోట చిన్న టిక్కు మాత్రమే వస్తే మీరిస్తున్నది గేట్ కాదు, ట్రిగ్గర్. కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే ఉండే ట్రిగ్గర్‌ను ఏడీఎస్ఆర్ (అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అనే నాలుగు దశల) ఎన్వలప్‌కిస్తే అది అటాక్ పూర్తి కాకముందే విడిచిపెట్టేస్తుంది. అటాక్, డికే మాత్రమే ఉన్న ఎన్వలప్‌కి అదే ట్రిగ్గర్ చక్కగా సరిపోతుంది.

ఎల్‌ఎఫ్‌ఓతో వీసీఏను ఊపితే సగం సమయం నిశ్శబ్దంగా ఉంటుందని చాలామంది అనుమానపడతారు. ఎల్‌ఎఫ్‌ఓ సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది, వీసీఏకు మైనస్ వోల్టేజ్ అంటే మూసుకోమనే అర్థం. ఎల్‌ఎఫ్‌ఓకు ఆఫ్‌సెట్ (ఒక నిలకడ వోల్టేజ్) కలిపి మొత్తం తరంగాన్ని సున్నా పైకి ఎత్తాలి. సీవీ నాబ్‌లలోనూ రెండు రకాలున్నాయని గుర్తుంచుకోండి: బలం తగ్గించే అటెన్యుయేటర్‌కు ఎడమ చివర సున్నా, తలకిందులు కూడా చేయగల అటెన్యువర్టర్‌కు నడి మధ్యలో సున్నా. రెండోదాన్ని ఎడమకు పూర్తిగా తిప్పి ఆపేశామనుకుంటే, నిజానికి పూర్తి బలంతో తలకిందులు చేసి పంపిస్తున్నట్టు.

ఏమీ వినపడకపోతే అవుట్‌పుట్ మాడ్యూల్‌కు పోయే కేబుల్‌ను తీసి నేరుగా వీసీఓ అవుట్‌పుట్‌లో పెట్టండి, తర్వాత ఫిల్టర్‌లో, తర్వాత వీసీఏలో. శబ్దం ఎక్కడ ఆగిపోతే తప్పు ఆ మాడ్యూల్ దగ్గరే. కేబుళ్లన్నీ పీకేసి మళ్లీ మొదలుపెట్టడం కన్నా ఇది పది రెట్లు త్వరగా అయిపోతుంది.

ఏ మాడ్యూల్ ఎక్కువ కొనాలంటే మా మాట వీసీఏ. రెండో వీసీఓ కన్నా, మూడో ఫిల్టర్ కన్నా, నాలుగు వీసీఏలే ప్యాచ్‌ను ఎక్కువ కదిలిస్తాయి. శబ్దాన్నే కాదు, ఎల్‌ఎఫ్‌ఓ బలాన్ని కూడా వీసీఏతో మరో వోల్టేజ్ చేతిలో పెట్టొచ్చు.

శ్రుతి: ఒక స్థాయికి ఒక వోల్ట్

యూరోర్యాక్‌లో వోల్టేజ్ ఒక వోల్ట్ పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది, పౌనఃపున్యం రెట్టింపవుతుంది. స్థాయిలో 12 సెమీటోన్లు కాబట్టి ఒక్కోదానికి 83.3 మిల్లీవోల్టులు, ఒక సెంటుకు, అంటే సెమీటోన్‌లో నూరో వంతుకు, 0.83 మిల్లీవోల్టు. ఎంత సున్నితమైన లెక్కో దీన్నిబట్టి తెలుస్తుంది. అన్ని వాద్యాలదీ ఇదే లెక్క కాదు: బుక్లా సిస్టమ్స్‌లో స్థాయికి 1.2 వోల్టులు, 1978 నాటి కోర్గ్ ఎంఎస్-20లో వోల్ట్‌కిన్ని హెర్ట్జ్ అనే పద్ధతి. వాటిని నేరుగా కలిపితే ఏ స్వరమూ చోట్లో ఉండదు.

అనలాగ్ వీసీఓను ఆన్ చేసి 20, 30 నిమిషాలు వేడెక్కనివ్వండి. అప్పటిదాకా శ్రుతి మెల్లగా జారుతూనే ఉంటుంది, దాన్ని పట్టుకోబోవడం వృథా. తర్వాత ట్యూనర్ ముందు పెట్టుకోండి. కన్వర్టర్ నుంచి ఏదో ఒక కింది స్వరం పంపి, కోర్స్, ఫైన్ నాబ్‌లతో 110 హెర్ట్జ్‌కు తెచ్చుకోండి. సరిగ్గా మూడు స్థాయిలు పైకి, అంటే 3 వోల్టులు ఎక్కువ పంపండి. 880 రావాలి. 870 వస్తే మొత్తం మీద సుమారు 20 సెంట్లు తక్కువ, అంటే స్థాయికి ఆరేడు సెంట్లు కుంచించుకుపోతోందన్నమాట. వీసీఓ మీద స్కేల్ లేదా వోల్ట్ పర్ ఆక్టేవ్ అని రాసిన ట్రిమ్మర్‌ను చిన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా తిప్పండి. తిప్పగానే కింది స్వరం కూడా జరుగుతుంది, అది సహజం. మళ్లీ కిందికి వచ్చి 110కి తెచ్చి, మళ్లీ పైకి వెళ్లి చూడండి. అయిదారు చుట్లలో తేడా రెండు సెంట్ల లోపుకు వస్తుంది. తేడా పెరుగుతుంటే ట్రిమ్మర్‌ను రెండో వైపు తిప్పాలి. పై స్థాయిల్లో మాత్రమే తగ్గుతుంటే, హెచ్‌ఎఫ్ అనే ట్రిమ్మర్ వేరే ఉంటుంది. స్కేల్ కుదిరాకే దాన్ని ముట్టుకోండి.

ట్రిమ్మర్ మీద చెయ్యి వేసే ముందు ఒక ప్రశ్న. తప్పు వీసీఓదా, వోల్టేజ్ పంపేదానిదా? మామూలు 2000 కౌంట్ల మల్టీమీటర్‌ను 20 వోల్టుల రేంజ్‌లో పెడితే అది చూపే అతి చిన్న మెట్టు 10 మిల్లీవోల్టులు, అంటే 12 సెంట్లు. దాంతో కన్వర్టర్ పెద్ద తప్పు చేస్తోందో లేదో తెలుస్తుంది గానీ శ్రుతి కుదరదు. అంతకన్నా సులువైన పరీక్ష: అదే సీవీని ఇంకో వీసీఓకు గానీ డిజిటల్ వాయిస్‌కు గానీ ఇచ్చి చూడండి. రెండూ ఒకే రకంగా తప్పితే వీసీఓ నిర్దోషి.

ఇంకో దొంగ ఉన్నాడు, పాసివ్ మల్టిపుల్. ఒక సీవీని మూడు వీసీఓలకు పంచడానికి వాడే ఆ చిన్న జాక్‌ల పెట్టెలో సర్క్యూటేమీ ఉండదు, తీగలు కలిపి ఉంటాయంతే. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 1000 ఓములు, వీసీఓ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ లక్ష ఓములు అనుకుంటే, ఒక్క వీసీఓ పెట్టినప్పుడే వోల్టేజ్ ఒక శాతం పడిపోతుంది. స్థాయికి 12 సెంట్లు. మీరు ట్రిమ్మర్‌తో సరిచేసింది ఆ ఒక్కదాన్ని కలుపుకునే. మూడు వీసీఓలు పెట్టగానే లోడ్ 33 వేల ఓములకు దిగి, తరుగు సుమారు 3 శాతానికి, స్థాయికి 35 సెంట్లకు చేరుతుంది. మధ్య స్థాయిలో శ్రుతి కలిపి పైకి వెళ్తే అపస్వరం. కొన్ని పిచ్ అవుట్‌పుట్లు ఈ తరుగు రాకుండానే తయారవుతాయి, అన్నీ కావు. పిచ్ సీవీని పంచేటప్పుడు బఫర్డ్ మల్టిపుల్ (లోపల సర్క్యూట్ ఉన్నది) వాడితే ఈ గొడవే ఉండదు. గేట్లకు, ఎల్‌ఎఫ్‌ఓలకు పాసివ్‌ది చాలు, అక్కడ ఒక శాతం తేడా ఎవరి చెవికీ అందదు.

క్లాక్

క్లాక్ అంటే లయ నడిపే పల్సుల వరస. మిడి క్లాక్ ఒక బీట్‌కు 24 పల్సులు కొడుతుంది. చాలా అనలాగ్ సీక్వెన్సర్లు బీట్‌కు 4 కావాలనుకుంటాయి, పదహారో నోట్‌కు ఒకటి చొప్పున. 24ని నేరుగా ఇస్తే సీక్వెన్సర్ ఆరు రెట్లు వేగంగా పరుగెడుతుంది. కన్వర్టర్ సెట్టింగ్‌లో 6తో భాగించమని చెప్పండి, లేదా క్లాక్ డివైడర్ పెట్టండి. కోర్గ్ వోల్కా లాంటి చిన్న యంత్రాలు బీట్‌కు 2 పల్సులు ఇస్తాయి. అక్కడ సీక్వెన్సర్ సగం వేగంతో నడుస్తుంది, క్లాక్‌ను రెట్టింపు చేయాలి. వేగం సరిగ్గానే ఉండి మొదటి బీట్ మాత్రం జరిగి పడుతుంటే సీక్వెన్సర్‌ను మొదటి మెట్టుకు తెచ్చే రీసెట్ కేబుల్ పెట్టలేదని అర్థం.

ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలపడం

యూరోర్యాక్ ఆడియో సుమారు ±5 వోల్టులు, అంటే శిఖరం నుంచి లోయకు 10 వోల్టులు. అలాంటి సైన్ తరంగం 13 డీబీయూ (ఆడియో వోల్టేజ్‌ను డెసిబెల్స్‌లో చెప్పే కొలత) పైమాట. స్టూడియోల్లో ప్రమాణమైన +4 డీబీయూ లైన్ లెవెల్ శిఖరం 1.7 వోల్టులే. మూడు రెట్ల తేడా.

శబ్దాన్ని కంప్యూటర్‌లోకి తీసుకునే మీ ఇంటర్‌ఫేస్ వివరాల్లో లైన్ ఇన్‌పుట్ గరిష్ఠ లెవెల్ వెతకండి. అది +10 డీబీయూ అయితే 3.5 వోల్టుల శిఖరం దగ్గరే క్లిప్ అవుతుంది (తరంగం కొసలు తెగిపోతాయి), మాడ్యులర్ నేరుగా పట్టదు. +16 అయితే 6.9 వోల్టుల దాకా తట్టుకుంటుంది, ఒక్క వీసీఓ పడుతుంది గానీ మిక్సర్‌లో రెండు మూడు కలిపితే దాటిపోతుంది. +20 అయితే 11 వోల్టులు, దాదాపు దేనికైనా చాలు. ఇన్‌పుట్ చిన్నదైతే అవుట్‌పుట్ మాడ్యూల్ గానీ, లేకపోతే ఒక అటెన్యుయేటర్ గానీ మధ్యలో పెట్టి మూడో వంతుకు దించండి. ఇంటర్‌ఫేస్ గెయిన్ నాబ్‌ను తగ్గించి ఊరుకోవద్దు. కొన్నింటిలో క్లిప్ ఆ నాబ్ కన్నా ముందే జరిగిపోతుంది, మీటర్ పచ్చగానే ఉంటుంది, శబ్దం మాత్రం చిట్లి ఉంటుంది.

ఇన్‌పుట్ ఎంపికలో రెండు తప్పులు. గిటార్ కోసం ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి ఉంటే ఇన్‌పుట్ ఇంకా త్వరగా క్లిప్ అవుతుంది, ఆపేయండి. మైక్ కోసం ఉన్న ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్‌కు మాడ్యులర్‌ను ఎప్పుడూ కలపొద్దు. మైక్‌కు కరెంటిచ్చే ఫాంటమ్ పవర్ ఆన్‌లో ఉంటే 48 వోల్టులు వెనక్కి మాడ్యూల్ అవుట్‌పుట్‌లోకి పోతాయి, ±12 మీద నడిచే చిప్ అది తట్టుకోలేదు.

కేబుల్ ఒక చివర 3.5 మిల్లీమీటర్ల మోనో, ఇంకో చివర 6.35 మిల్లీమీటర్ల మోనో ఉండాలి. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో మోనో జాక్ పెట్టినా పనిచేస్తుంది. హెడ్‌ఫోన్స్‌ను మాత్రం మాడ్యూళ్ల మామూలు అవుట్‌పుట్‌లో పెట్టొద్దు. ఒక చెవికే వినపడుతుంది, అదీ ఎంత గట్టిగా వస్తుందో చెప్పలేం. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఉన్న మాడ్యూల్‌నే వాడండి. ఫిల్టర్ రెజొనెన్స్ (కోసే చోటు దగ్గరి శబ్దాన్ని ఉబ్బించే నాబ్) చివరికి తిప్పితే అది తానే కూత పెట్టడం మొదలుపెడుతుంది, కటాఫ్ (ఎక్కడ కోయాలో చెప్పే నాబ్) కదిలిస్తే ఆ కూత చెవుల్ని చీల్చేంత పైకి పోతుంది. కొత్త ప్యాచ్ వేసేటప్పుడు మానిటర్ లెవెల్ దించి ఉంచడం అందుకే.

కంప్యూటర్ నుంచి సీవీ పంపాలంటే ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్లు డీసీ కపుల్డ్ అయి ఉండాలి. మామూలు వాటిలో కెపాసిటర్ నిలకడ వోల్టేజ్‌ను ఆపేస్తుంది, మీరు 2 వోల్టులు నిలబెట్టాలని చూస్తే అది క్షణాల్లో సున్నాకు జారుతుంది. ఈ పనికోసమే తయారైన ఎక్స్‌పర్ట్ స్లీపర్స్ ఈఎస్-8 లాంటివి కేస్‌లోనే కూర్చుంటాయి.

రొద

గుయ్యిమనే హమ్ గానీ, మౌస్ కదిలినప్పుడల్లా మారే కీచు గానీ వస్తే అది ఎక్కువగా గ్రౌండ్ లూప్. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. రొద పోయిందా, దారి దొరికినట్టే. మాడ్యులర్‌కు, కంప్యూటర్‌కు మధ్య యూఎస్‌బీ కేబుల్ ఉంటే దాన్ని పీకి, మిడిని 5 పిన్నుల కేబుల్‌తో పంపి చూడండి. ఆ ఇన్‌పుట్‌లో వెలుతురుతో సంకేతాన్ని దాటించే భాగం ఉంటుంది, గ్రౌండ్ కలవదు. అప్పటికీ ఉంటే ఆడియో దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ పెట్టండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే రొద పోతుందని చెప్పేవాళ్లుంటారు. ఆ పిన్ మీ ప్రాణం కోసం ఉంది, దాని జోలికి పోవద్దు.

రికార్డ్ చేయడం

24 బిట్లలో, శిఖరాలు -12 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్ గరిష్ఠాన్ని సున్నాగా తీసుకునే కొలత) దగ్గర ఆగేలా పెట్టుకోండి. మాడ్యులర్‌లో శబ్దం అనుకోకుండా ఎగురుతుంది, ఆ ఖాళీ దానికే. కిక్, బేస్, లీడ్ విడివిడి ట్రాకులుగా పంపగలిగితే పంపండి. ఒకే మిక్స్‌లో కలిపేశాక బేస్ ఎక్కువైందని తెలిస్తే చేసేదేమీ లేదు. రివర్బ్ లేకుండా ఒకసారి, కావాలంటే రివర్బ్‌తో ఇంకో ట్రాక్ మీద.

డా (కంప్యూటర్‌లోని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) నుంచి మిడి పంపి ఆడియో వెనక్కి తెచ్చుకుంటే స్వరాలు కాస్త ఆలస్యంగా పడతాయి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ ఒక్కటే 2.7 మిల్లీసెకన్లు, కన్వర్టర్ల ఆలస్యం దీనికి అదనం. కచ్చితంగా తెలియాలంటే గ్రిడ్ మీద ఒక మిడి నోట్ పెట్టి, అటాక్ సున్నాగా ఉన్న ఎన్వలప్‌తో టిక్కు తెప్పించి రికార్డ్ చేయండి. గ్రిడ్ గీతకు, తరంగం లేచిన చోటుకు మధ్య ఎన్ని శాంపిళ్లో లెక్కపెట్టి ఆ అంకెను ఆఫ్‌సెట్‌గా ఇవ్వండి. బఫర్ మార్చితే మళ్లీ కొలవాలి.

ప్యాచ్‌ను సేవ్ చేసే బటన్ లేదు. కేబుళ్లు పీకే ముందు రెండు ఫోటోలు తీయండి, ఒకటి కేబుళ్లతో, ఇంకోటి కేబుళ్లను పక్కకు ఎత్తిపట్టి నాబ్‌లు కనపడేలా. అయినా రేపు అదే ధ్వని అచ్చంగా రాదు, కాబట్టి నచ్చిన ప్యాచ్‌ను పది నిమిషాలు నాబ్‌లు కదిలిస్తూ రికార్డ్ చేసుకుని తర్వాత కోసుకోవడమే నయం. పని అయ్యాక ముందు మానిటర్లు ఆపి, తర్వాత కేస్ ఆపండి. వరస తప్పితే ఆఖరి ధడ్‌మనే దెబ్బ స్పీకర్ల మీద పడుతుంది.